ఊడ్చిన మూలకే చెత్త మళ్లీ ఎందుకు వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం 'స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర' పేరుతో శుభ్రత కార్యక్రమం నడుస్తోంది. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి, 2020లో పట్టణ ప్రగతి మొదలయ్యాయి. 2020 మే నెలలోనే, ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లు పారబోయడానికి 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అన్న పిలుపు కూడా వచ్చింది. ఇవి కాక కాలనీ సంఘాలు, కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు సొంతంగా గ్లౌజులు తొడుక్కుని రోడ్డెక్కుతున్నాయి. శనివారం పొద్దున ఫొటోలో అద్దంలా కనిపించిన మూల, బుధవారానికల్లా ముడేసిన కవర్లతో, తాగేసిన కొబ్బరిబొండాలతో, వాటిని లాగుతున్న కుక్కలతో ఎప్పటిలాగే తయారవుతుంది. 'మన జనం మారరు' అన్న మాట అక్కడే పుడుతుంది. 'అదంతా ఫొటోల కోసం' అన్న మాటా అక్కడే పుడుతుంది.

ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ పక్క వీధిలోనూ ఉండేది అలాంటి జనమే. అక్కడ కుప్ప పడదు, ఇక్కడ పడుతుంది. ఎందుకన్నది చూడాలి.

క్లుప్తంగా: నడుస్తూ పారేసే చెత్త వేరు, ఇంట్లోంచి మూటగట్టి తెచ్చి వేసే చెత్త వేరు. మొదటిది ఏరితే తగ్గుతుంది. రెండోది చెత్తబండి వేళకు, రుసుముకు, ఎవరికీ చెందని స్థలాలకు ముడిపడి ఉంటుంది కాబట్టి ఏరినంత మాత్రాన ఆగదు. నెలకోసారి ఊరంతా ఊడ్చే పనికంటే వారానికోసారి ఒకే వంద గజాలు చూసుకునే పని ఎక్కువ కాలం నిలుస్తుంది.

చెత్తలో మూడు రకాలు

తెలుగులో అన్నిటినీ చెత్త అనే అంటాం. టీ కప్పు, చిప్స్ ప్యాకెట్, గుట్కా పొట్లం, ఏటీఎం చీటీ లాంటివి నడుస్తూనో బండి మీద పోతూనో చేతిలోంచి జారవిడిచేవి. ఒక్కోటి కొన్ని గ్రాములకు మించదు. పారేసే మనిషి ఆ పని చేస్తున్నట్టు గమనించడు కూడా.

ముడేసిన కవరు అలా కాదు. దాన్ని వంటింట్లో నింపి, మెట్లు దింపి, స్కూటర్ హుక్కుకు తగిలించి, ఫలానా చోట విసరాలని ముందే అనుకుని తెస్తారు. బరువు కిలోల్లో ఉంటుంది. మూడోది ఇల్లు పడగొట్టిన మట్టి, పగిలిన కమోడ్, పాత పరుపు. ఇది రాత్రి పదకొండు దాటాక ట్రాక్టర్‌లోనో ట్రాలీ ఆటోలోనో వస్తుంది. కూలి తీసుకుని తెచ్చినవాడు డంపింగ్ యార్డు దాకా పోతే డీజిల్ ఖర్చు తనదే కాబట్టి, దారిలో చీకటిగా ఉన్న ఖాళీ స్థలంలో దించేసి వెళ్లిపోతాడు.

పాతిక మంది సంచులు పట్టుకుని బయల్దేరినప్పుడు చేతులకు దొరికేది ఎక్కువగా మొదటి రకం. కంటికి బాధ కలిగించేది రెండో రకం. ఇక మూడో రకానికి జేసీబీ కావాలి. మూడింటికీ ఒకే మందు అనుకోవడం వల్లే చాలా కాలనీల్లో ఉత్సాహం మూడు నెలలకు మించదు.

వాకిలి ఎక్కడిదాకా?

పల్లెల్లో తెల్లారగానే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టడం ఇప్పటికీ ఉంది. ఊడ్చేది ఒక్క గడప ముందే కాదు, వీధి మధ్యదాకా వస్తారు. ఎదురింటివాళ్లు మిగతా సగం ఊడుస్తారు. వీధి బాగుండాలని ఎవరూ పథకం వేయలేదు, వాకిళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడం వల్ల దానంతటదే బాగుండేది.

ఊడ్చింది పెంటకుప్పలోకి పోయేది. పేడ, గడ్డిపరకలు, బూడిద, కూరగాయల తొక్కలు, రాలిన ఆకు అన్నీ అందులోకే. ఎండాకాలంలో దాన్ని బండ్లకెత్తి పొలానికి తోలేవారు. కుప్ప పెద్దదైతే రైతుకు ఎరువు ఎక్కువ ఉన్నట్టు లెక్క. అంటే ఇంటి చెత్తను బయట ఒకచోట పోగెయ్యడం పొదుపే తప్ప నిర్లక్ష్యం కాదు. ఆ కుప్పలోకి పాలిథిన్ కవరు వచ్చి చేరాక లెక్క తప్పింది. కవరు కుళ్లదు, పొలంలో పడితే మట్టిలో పొరలా ఉండిపోతుంది. పెంటకు ధర పోయింది, బయట పోగేసే అలవాటు మాత్రం మిగిలింది.

ఇదే చిత్రానికి మరో వైపు కూడా ఉంది. వాకిలి దాటాక ఉండే వీధి కాలువ, చచ్చిన పశువు, మురుగు ఎత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాల మీదే మోపారు. 'ఎవరి చెత్తో మనం ముట్టుకోవడమేంటి' అన్న చిన్నతనం ఆ ఏర్పాటు నుంచి వచ్చిందే. కాలనీలో చెత్త ఏరే కార్యక్రమం పెడితే 'టైమ్ లేదు' అని తప్పుకునేవారిలో కొందరికి అసలు అడ్డం టైమ్ కాదు. ఈ సంగతి పోస్టర్ల మీద ఎవరూ రాయరు.

పట్టణంలో వాకిలే లేకుండా పోయింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం గేటు దాకా ఊడుస్తుంది, అక్కడితో సరి. కాంపౌండ్ గోడకు అవతలి వైపు ఎవరిదీ కాదు. నగరాల్లో కుప్పలు పడే చోట్లను గమనిస్తే పట్టిక దాదాపు ఒకేలా ఉంటుంది: ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, స్కూలు వెనక గోడ, నాలా వంతెన, కోర్టు కేసులో ఉన్న ప్లాటు, రెండు కాలనీల సరిహద్దు. ఒక్కటీ ఎవరి ఇంటి ముందూ కాదు.

బండి వచ్చే వేళ, మనిషి ఉండని వేళ

హైదరాబాద్‌లో 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త విడిగా తీసుకోవడం వాటి పని. ఆ తర్వాత రోడ్ల పక్కన ఉండే పెద్ద చెత్తకుండీలను దశలవారీగా తీసేస్తూ వచ్చారు. కుండీ ఉంటే దాని చుట్టూ పది అడుగుల మేర చెత్తే అన్నది అందరికీ తెలిసిన అనుభవం కాబట్టి, అందులో తర్కం లేదని అనలేం. ఇండోర్ కూడా కుండీలు తీసేసే దారిలోనే నడిచింది. కేంద్రం నగరాల శుభ్రతకు ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో 2017 నుంచి ఏళ్ల తరబడి వరుసగా మొదటి స్థానంలో నిలిచింది. అయితే అక్కడ దుకాణాల వీధులకు వేరే వేళల్లో బండ్లు పంపారు.

కుండీ తీసేశాక మొత్తం భారం ఆటో మీద పడుతుంది. ఆటో ఉదయం ఏడున్నరకు వస్తుంది అనుకుందాం. ఆ వేళకు నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి నిద్రలో ఉంటాడు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంటికి తాళం ఉంటుంది. నలుగురు కుర్రాళ్లుండే అద్దె గదిలో బుట్టే ఉండదు. కొన్ని సందుల్లోకి ఆటో పోదు. ఇడ్లీ బండి, చికెన్ సెంటర్, జ్యూస్ కొట్టు చెత్త రాత్రికి తయారవుతుంది. మన ఎండల్లో తడి చెత్తను రెండు రోజులు ఇంట్లో ఉంచడం ఎవరివల్లా కాదు. కవరు స్కూటరెక్కేది అందుకే. అది దిగేది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు. ఆఫీసు దారిలో ఉండి, బండి నెమ్మదించే మలుపై, ఏ కిటికీ తమవైపు తెరుచుకోని చోటై, ఇంతకుముందే నాలుగు కవర్లు పడి ఉండాలి.

ఇలాంటి చోట్లకు మున్సిపల్ భాషలో జీవీపీ అని పేరు, అంటే గార్బేజ్ వల్నరబుల్ పాయింట్. అధికారులు వాటిని నల్లమచ్చలుగా చూస్తారు. నిజానికి ప్రతి జీవీపీ చెత్తబండికి అందనివాళ్ల హాజరుపట్టీ. అందులో ఏ వేళకు ఏ రకం చెత్త పడుతోందో చూస్తే బండి ఎవరిని వదిలేస్తోందో తెలిసిపోతుంది. పొద్దున్నే ఇంటి కవర్లు పడుతుంటే బండి వేళ కుదరట్లేదని అర్థం. రాత్రి పదకొండుకు కోడి ఈకలు పడుతుంటే వ్యాపార చెత్తకు ఏర్పాటే లేదన్నమాట.

రుసుము సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఇంటింటి సేకరణకు పెట్టిన నెలవారీ రుసుముకు 'చెత్త పన్ను' అన్న పేరు పడి పెద్ద రాజకీయ వివాదమైంది. 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. రాజకీయం పక్కన పెడితే ఇందులో ఒక చిక్కు ఉంది. రుసుము ఇంటి గుమ్మం దగ్గర వసూలు చేస్తే, పద్ధతిగా చెత్త ఇచ్చేవాడు డబ్బు కడతాడు, మూలలో విసిరేవాడు ఏమీ కట్టడు. అదే సొమ్ము ఆస్తి పన్నులో కలిసి ఉంటే బండికి ఇచ్చినా ఇవ్వకపోయినా ఖర్చు ఒకటే, అలాంటప్పుడు విసరడానికి ఒక కారణం తగ్గుతుంది. పూర్తిగా ఎత్తేస్తే విసరడానికి ఆ కారణం పోతుంది గానీ, బండి నడపడానికి డబ్బు మరో పద్దు నుంచి రావాలి.

అదే మూల, జపాన్‌లో

జపాన్ శుభ్రత గురించి మాట్లాడేటప్పుడు స్టేడియంలో చెత్త ఏరిన అభిమానుల ఫొటోలే గుర్తొస్తాయి. వాటికంటే మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. 1995 మార్చిలో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక, భద్రత కోసం బహిరంగ చెత్తబుట్టలను పెద్ద ఎత్తున తీసేశారు. వీధి మీద బుట్ట లేకపోతే చెత్తను జనం ఇంటికే పట్టుకెళ్తారు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే.

అయితే అక్కడి నివాస వీధుల్లో చాలాచోట్ల ఇంటింటికీ బండి రాదు. కొన్ని ఇళ్లకు కలిపి ఒక మూల ఉంటుంది, ఇళ్లవాళ్లే చెత్త సంచి అక్కడికి తెచ్చి పెట్టాలి. చూడ్డానికి మన జీవీపీ లాంటిదే. తేడా చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది. ఏ రోజు ఏ రకం చెత్త పెట్టాలో బోర్డు ఉంటుంది. కాకులు పీకకుండా మీద వల కప్పుతారు. తప్పు రోజున పెట్టిన సంచిని బండివాళ్లు చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, బండి వెళ్లిపోయాక ఆ మూలను కడిగి వల మడతపెట్టే పని ఇళ్లమధ్య వంతులవారీగా తిరుగుతుంది. ఈ వంతు పట్టికను చూసుకునేది చోనైకాయ్ అనే వీధి సంఘం.

అంటే అక్కడ మూలకు ఒక వాకిలి హోదా ఉంది. ఎవరిదీ కాని చోటును వంతుల ద్వారా అందరిదీ చేశారు. బయటి దేశాల పద్ధతుల్ని తెచ్చి అతికిస్తే ఇక్కడ నిలవవన్న మాట నిజమే. కానీ వంతులు మనకు కొత్త కాదు. చెరువు కింద నీళ్లు పారించుకోవడంలోనూ, బోరింగు దగ్గర బిందెల వరసలోనూ వంతు లేకపోతే రోజు గడవదని ఊళ్లకు బాగా తెలుసు.

చెత్తను చూస్తే చెత్త వేయబుద్ధి

ఏరడం వల్ల ఉపయోగం ఉందా అన్నదాని మీద కొలిచి చెప్పిన పరిశోధనలున్నాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జరిగి 2008లో వెలువడిన ప్రయోగం వాటిలో బాగా తెలిసింది. ఒక సందులో సైకిళ్లు నిలిపే చోట ప్రతి హ్యాండిల్‌కూ ఒక కాగితం కట్టారు. దగ్గర్లో బుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చిగీతలు గీసి ఉంచినప్పుడు 69 శాతం మంది పడేశారు. మనుషులు మారలేదు, చుట్టూ ఉన్న గోడ మారింది. గమనించాల్సింది ఇంకొకటి: గోడ మీద ఉన్నవి గీతలు, చెత్త కాదు. ఒక నియమం చెడినట్టు కనిపిస్తే ఇంకో నియమాన్ని పాటించాలన్న పట్టు కూడా సడలుతుంది.

అంతకుముందే అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చియాల్డిని బృందం ఇలాంటి ప్రయోగాలు చేసి 1990లో ఫలితాలు వెల్లడించింది. చెత్త ఎక్కువగా ఉన్నచోట ఎక్కువమంది వేస్తారన్నది ఊహించదగిందే. ఆసక్తికరమైంది మరొకటి. బొత్తిగా శుభ్రంగా ఉన్న చోటుకంటే, అంతా శుభ్రంగా ఉండి ఒకే ఒక్క కాగితం పడి ఉన్న చోట జనం ఇంకా తక్కువగా వేశారు. ఆ ఒక్కటి కళ్లలో పడి, 'ఇక్కడ ఎవరూ వేయరు' అన్న విషయాన్ని గుర్తుచేస్తుంది. కాగితాలు పెరిగేకొద్దీ ఆ గుర్తు పోతుంది.

అందువల్ల నడుస్తూ పారేసే చెత్త విషయంలో ఏరడం పనిచేస్తుంది, ఆ ఫలితం ఏరిన బరువును మించి ఉంటుంది. మన మున్సిపాలిటీలు ఊడ్చిన జీవీపీ మీద ముగ్గు వేయించడం, పూలకుండీలు పెట్టడం ఈ సూత్రం మీదే. గోడకు దేవుడి బొమ్మల టైల్స్ అంటించడం కూడా అలాంటిదే. కాకపోతే ఒక దేవుడితో సరిపోదని మూడు మతాల బొమ్మలూ వరసగా అంటించిన గోడలు ఊరూరా కనిపిస్తాయి.

కవరు తెచ్చేవాడి విషయంలో ముగ్గు అంతగా పనిచేయదు. చేతిలో కోడి వ్యర్థాలున్న మనిషికి ఎక్కడో ఒకచోట దించక తప్పదు. ముగ్గు అతన్ని ఆపదు, ఇరవై అడుగులు ముందుకు పంపుతుంది.

ఏరితే దొరికేదేమిటి?

సంచి నింపి కుమ్మరిస్తే ఒక సంగతి బయటపడుతుంది. అట్టపెట్టెలు ఉండవు, ఇనుము ఉండదు, మంచినీళ్ల సీసాలు కొద్దిగానే ఉంటాయి. చిత్తు ఏరుకునేవాళ్లు తెల్లవారకముందే వాటిని తీసుకెళ్లి పాత సామాన్ల కొట్లో అమ్ముకుంటారు. మిగిలేది ధర లేనిది: చిప్స్, గుట్కా, షాంపూ ప్యాకెట్లు, పలుచటి కవర్లు, థర్మాకోల్. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్, లోహపు పొర కలిసి ఉంటాయి, వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. కాబట్టి స్వచ్ఛందంగా వచ్చినవారు ఏరేది ఊళ్లోని మొత్తం చెత్త కాదు, బజారు వద్దనుకున్న చెత్త.

దేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాల వంటివాటిని నిషేధించారు. ఆ ఏడాది చివరి నుంచి కవరు మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలన్నారు. చిప్స్ ప్యాకెట్ ఈ నిషేధంలోకి రాదు. దాన్ని తయారుచేసినవారే వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలన్న నియమం ఉంది గానీ, ఆ లెక్క టన్నుల్లో, ధ్రువపత్రాల మీద నడుస్తుంది. ఫలానా వీధిలో పడి ఉన్న ఫలానా ప్యాకెట్‌ను ఎవరు తీయాలన్నది ఆ లెక్కలోకి రాదు.

ధర పెడితే ఏమవుతుందో చెప్పడానికి పక్క రాష్ట్రమే చాలు. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో అడవుల్లో, రోడ్ల పక్కన మద్యం సీసాలు పగిలి ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయన్న ఫిర్యాదులు మద్రాస్ హైకోర్టుకు వెళ్లాయి. 2022లో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇచ్చే పద్ధతి మొదలైంది. సీసాల్లో చాలా భాగం దుకాణాలకు తిరిగొచ్చాయి, పద్ధతిని తర్వాత మరికొన్ని జిల్లాలకు పెంచారు. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే సీసాలకు, డబ్బాలకు 25 సెంట్ల డిపాజిట్ ఉంది. అక్కడ తాగి పారేసిన సీసా ఎక్కువసేపు రోడ్డు మీద ఉండదు, ఎవరో ఒకరు తీసుకెళ్లి డబ్బు చేసుకుంటారు. ఒకప్పుడు మన కిరాణా కొట్లో కూల్‌డ్రింక్ గాజు సీసాకు కట్టిన డిపాజిట్ కూడా ఇదే.

ఒక గోడ, ఒక ఒడ్డు

బెంగళూరులో 2010లో 'ది అగ్లీ ఇండియన్' అన్న పేరుతో ఒక బృందం మొదలైంది. సభ్యులు పేర్లు చెప్పుకోరు. 'పని చేయి, నోరు మూసుకో' అన్న అర్థం వచ్చే హిందీ మాట వాళ్ల నినాదం. ఒక మూలను ఎంచుకుని కొన్ని రోజులు ఊరికే చూస్తారు. ఎవరు వేస్తున్నారు, ఎందుకు ఇక్కడే వేస్తున్నారు అన్నది తేల్చుకున్నాకే ఊడుస్తారు. పగిలిన ఫుట్‌పాత్ రాళ్లు సరిచేస్తారు, గోడకు కింది భాగంలో పాన్ మరక కనపడకుండా ఎర్రమట్టి రంగు వేస్తారు, మొక్కలు పెడతారు, పక్కన టీకొట్టు ఉంటే దానివాణ్ని కలుపుకుంటారు. వాళ్ల పద్ధతిలో విలువైంది రంగు కాదు, ముందు జరిగే చూపు. వాళ్లను చూసి మొదలైన చాలా బృందాలు రంగు డబ్బాను మాత్రమే అనుకరించాయి.

ముంబై వెర్సోవా బీచ్‌లో 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అనే లాయరు మొదలుపెట్టిన ఏరివేత ప్రపంచం దృష్టిలో పడింది. వారం వారం వందల మంది వచ్చారు. 2016లో ఆయనకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. 2018లో ఆ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాయి. అయినా ప్రతి వానాకాలం సముద్రం మళ్లీ ప్లాస్టిక్‌ను ఒడ్డుకు చేర్చింది. తర్వాత ఆయన పని మిఠీ నది వైపు, నది ఒడ్డు బస్తీల వైపు, అంటే ఎగువకు జరిగింది. బీచ్‌లో ఏరడం ఆఖరి మెట్టు దగ్గర తుడవడం లాంటిదని మూడేళ్ల శ్రమ నేర్పిన పాఠం. ప్రతి ఏరివేతకూ ఒక ఎగువ ఉంటుంది. కాలనీ మూలకు ఎగువ ఆ చికెన్ సెంటర్ కావచ్చు, బండి పోలేని సందు కావచ్చు.

నెలకోసారా, వారానికోసారా?

ఎస్టోనియాలో 2008 మే 3న దాదాపు 50 వేల మంది ఒక్కరోజులో 10 వేల టన్నుల అక్రమ చెత్తను ఎత్తేశారు. చిన్న దేశం, ఏళ్ల తరబడి అడవుల్లో పేరుకున్న పాత బకాయి. బకాయి తీర్చడానికి ఇలాంటి పెద్ద రోజు బాగా పనికొస్తుంది. రోజూ పడే చెత్తకు ఈ లెక్క వర్తించదు.

ఆంధ్రప్రదేశ్ మూడో శనివారానికి దగ్గరి పోలిక రువాండాలో ఉంది. అక్కడ ప్రతి నెలా చివరి శనివారం పొద్దున 'ఉముగాండా' అనే సామూహిక శ్రమదానం జరుగుతుంది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉన్నవారంతా రావాలని చట్టం, రాకపోతే జరిమానా. రాజధాని కిగాలీ శుభ్రతకు దాన్నే కారణంగా చూపిస్తారు. నిజానికి కిగాలీ వీధుల్ని రోజూ ఊడ్చేది జీతం తీసుకునే మనుషులు. ఆ దేశంలో ప్లాస్టిక్ కవర్ల మీద 2008 నుంచి కఠినమైన నిషేధం కూడా ఉంది. ఉముగాండాలో అసలు సరుకు పని అయ్యాక జరిగే వీధి సమావేశం. కాలువ ఎందుకు నిండుతోంది, ఫలానా దారి ఎవరు బాగు చేయాలి అన్నవి అక్కడ మాట్లాడుకుంటారు. చీపురు మనుషుల్ని ఒకచోటికి తెస్తుంది, మాట పని ముందుకు జరుపుతుంది. మన మూడో శనివారాల్లో ప్రతిజ్ఞ ఉంటుంది, ఫొటో ఉంటుంది, ఈ అరగంట మాత్రం సాధారణంగా ఉండదు.

నెల అన్న గడువుకు ఆరోగ్యం వైపు నుంచి కూడా ఒక అభ్యంతరం ఉంది. డెంగీ దోమ శుభ్రమైన నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. పారేసిన కప్పులో, కొబ్బరి చిప్పలో, పాత టైరులో నిలిచే నీళ్లు దానికి చాలు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. నెలకోసారి కప్పులు ఏరితే మధ్యలో మూడు విడతల దోమలు లేచిపోతాయి. రెండు రాష్ట్రాల్లోనూ వైద్యశాఖ చెప్పే, నిలవ నీళ్లు పారబోసే 'శుక్రవారం డ్రై డే' వారానికోసారి ఉండడానికి కారణం ఈ లెక్కే.

ఇది ఎవరి పని?

చట్టం ప్రకారం పట్టణాల్లో చెత్త నిర్వహణ మున్సిపాలిటీ పని, 74వ రాజ్యాంగ సవరణ ఆ జాబితాను ఇచ్చింది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు పౌరుల మీదా బాధ్యత పెట్టాయి. చెత్తను వేరుచేసి ఇవ్వాలి, వీధిలో వేయకూడదు, కాల్చకూడదు అన్నాయి. లైసెన్సు లేని చోట వంద మందికి మించి చేరే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలని కూడా అన్నాయి. వీధిలో శామియానా వేసి భోజనాలు పెట్టేవాళ్లలో ఈ ఆఖరి నియమం గురించి విన్నవాళ్లు అరుదు.

పన్ను కడుతున్నాం, మళ్లీ మేమే ఎందుకు ఏరాలి అన్న ప్రశ్న తప్పుడు ప్రశ్న కాదు. దానికి చారిత్రక నేపథ్యం కూడా ఉంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 1953లో తిరిగి వాడలేని బీరు సీసాల అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది డబ్బాల, సీసాల కంపెనీలు కలిసి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థను స్థాపించాయి. ప్రజలు చెత్త వేయకూడదు, ప్రజలే ఏరాలి అన్నది దాని ప్రచారం. సీసా తయారుచేసినవారి మీద నుంచి చూపును పారేసినవారి మీదికి మళ్లించారన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. పిల్లల చేత చిప్స్ ప్యాకెట్లు ఏరించే కార్యక్రమానికి ఆ చిప్స్ కంపెనీయే టీషర్టులు పంచితే ఈ విమర్శ గుర్తుకు రావడం సహజం.

పారిశుద్ధ్య కార్మికుల వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. చాలామంది అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నవాళ్లు. ఒక్కొక్కరికి ఊడ్చే నిడివి ఇంతని ఉంటుంది. పెద్ద కుప్ప ఎత్తడానికే పొద్దంతా పోతే మిగతా వీధి ఊడ్వలేరు, ఆ మాట మళ్లీ వాళ్లకే పడుతుంది. వాళ్లతో ముందు మాట్లాడకుండా జరిగే ఏరివేత, వాళ్ల కంటికి తనిఖీలా కనిపిస్తుంది.

మాట్లాడకపోతే వచ్చే నష్టం మరొకటి కూడా ఉంది. ఎక్కువ కార్యక్రమాలు ఆదివారమే పెట్టుకుంటారు, ఆ రోజు చాలాచోట్ల బండి రాదు. ఏరిన ఇరవై సంచులూ మూతి కట్టి గోడ వారన పెట్టి వెళ్లిపోతారు. గాజు పెంకులు, వాడేసిన డైపర్లు, తడి చెత్త అన్నీ ఒకే సంచిలో. రాత్రికి కుక్కలు చింపుతాయి. సోమవారం పొద్దున స్కూటర్ మీద వచ్చేవాడికి అక్కడ ఇరవై సంచులు కనిపిస్తాయి, ఇది చెత్త వేసే చోటే అని అతనికి తెలిసిపోతుంది. కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్న కాలనీల్లో అందుకే వరస తిప్పారు. ముందు బండి డ్రైవర్‌కు ఫోన్ చేసి ఎన్ని గంటలకు వస్తాడో కనుక్కుంటారు, అతను వచ్చే గంట ముందు చీపురు తీస్తారు.